జున్ను పక్కన పగలంతా ఎవరుంటారు?

హైదరాబాద్ మణికొండ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 36 ఏళ్లు. భార్యాభర్తలిద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. నాలుగో తరగతి చదివే పాప ఉంది. 2021లో ఇద్దరూ ఇంటి నుంచే పనిచేస్తున్న రోజుల్లో, పాప ఒక్కతే అయిపోయిందని నలభై రోజుల పగ్ జాతి కుక్కపిల్లను కొని తెచ్చారు. గోధుమ రంగు ఒళ్లు, నల్ల మూతి. జున్ను అని పేరు పెట్టుకున్నారు. మూడేళ్లు వాడు ఆమె కుర్చీ కిందే పెరిగాడు. ఆమె వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, స్నానానికి వెళ్తే తలుపు బయటికి.

తర్వాత ఆఫీసు వారానికి నాలుగు రోజులు రమ్మంది. అప్పటి నుంచి ఇంటికి తాళం పడితే చాలు, జున్ను ఏడుపు మొదలు. తలుపు గీకి గీకి గోళ్ల దగ్గర రక్తం వచ్చింది. సోఫా చింపాడు. ఇంట్లో ఎన్నడూ ఒంటికి పోని వాడు హాల్లోనే పోస్తున్నాడు. కింది ఫ్లాటు వాళ్లు రెండుసార్లు వచ్చి చెప్పారు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో "నెలాఖరులోగా కుక్కను తీసేయాలి" అని పెట్టారు. భర్త, "నువ్వే తెచ్చినవ్, నువ్వే సూసుకో. అసలు ఇది కుక్కనా? దొంగొస్తే ఆని ఎంబడే పోతది" అంటున్నారు. జనగామ దగ్గర పొలం మీద ఉండే బావగారింటికి పంపిద్దామన్నది ఆయన మాట. అక్కడ ఇప్పటికే రెండు ఊరకుక్కలున్నాయి. ఆఫీసులో ఒక స్నేహితురాలు తాను పెంచుకుంటానంది. పాప మాత్రం జున్నును పంపిస్తే నేనూ పోతానంటూ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

చివరి పేజీలో ఆమె ఇలా రాశారు: "మొన్న ఇంటికొచ్చేసరికి హాలంతా పాడుచేసి పెట్టాడు. కోపం ఆపుకోలేక పేపరు చుట్టి కొట్టాను. వాడు చెవులు వెనక్కి పెట్టుకుని, నేను కొట్టిన చెయ్యినే నాకాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నేను చెడ్డదాన్నా? ఏం చేయమంటారు?"

---

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వాడు అని రాశారు కాబట్టి నేనూ అలాగే అంటాను. పగ్‌తో పదకొండేళ్లు బతికినదాన్ని. పద్మారావునగర్‌లో మా ఇంట్లో చిట్టి అని ఒకతి ఉండేది. ఆ చింపిన సోఫా, ఆ గీకిన తలుపు నాకు కళ్లకు కట్టాయి.

ముందు ఆ దెబ్బ సంగతి. మీరు చెడ్డవాళ్లు కారు. తెల్లవారి అయిదింటికి లేచి, పాపకు డబ్బా కట్టి, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో పోయి వచ్చి, తలుపు తీయగానే మళ్లీ ఇంకో పని కనిపిస్తే ఒక్క క్షణం చెయ్యి లేచింది. ఇంకెప్పుడూ లేవనివ్వకండి. ఎందుకో కూడా చెబుతాను. మధ్యాహ్నం చేసిన దానికి సాయంత్రం కొడితే ఆ రెంటికీ ఉన్న లంకె కుక్కకు తెలియదు. చెవులు వెనక్కి పెట్టడం, తల దించుకోవడం చూసి తప్పు ఒప్పుకుంటున్నాడు అనుకుంటాం. అది మన ముఖంలో కోపం చూసి భయపడటం. దాని వల్ల వాడు నేర్చుకునేది ఒక్కటే: తాళం చప్పుడైతే అమ్మ వస్తుంది, వచ్చిన అమ్మ కొడుతుంది. ఒంటరిగా ఉన్నంతసేపూ ఉన్న భయానికి మీరు తిరిగొస్తారన్న భయం కూడా తోడవుతుంది. మర్నాడు ఏడుపు పెరుగుతుందే కానీ తగ్గదు.

ఇక మీవారి మాటకు వస్తాను. "ఇది కుక్కనా?" అన్నది ఆయన విసుగులో అన్న మాటే అయినా అందులో మంచి ప్రశ్న ఉంది. సూర్యాపేట దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో నేను చూసిన కుక్కలు వేరు. పగలు అరుగు కింద పడుకునేవి, రాత్రి కళ్లం కాసేవి. వాటికి పెట్టిన ముద్దకు అవి చేసే పని కావలి. మీవారు కూడా అలాంటి ఇంట్లో పెరిగారు కాబట్టి ఆ కొలతే ఆయన చేతిలో ఉంది. జున్ను ఆ కొలతకు అందడు. వాడి ముత్తాతలను అసలు ఆ పనికి పెంచలేదు.

పగ్ పుట్టిల్లు చైనా. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి నుంచే అక్కడి రాజుల కొలువుల్లో పొట్టి మూతి చిన్న కుక్కలను పెంచేవారు. వేటకు కాదు, మందలు కాయడానికి కాదు. ఒడిలో కూర్చోబెట్టుకోవడానికి, చలికాలం ఒళ్లు వెచ్చబరచుకోవడానికి, వదులు చేతుల అంగీల్లో పెట్టుకుని తిరగడానికి. నుదుటి ముడతల్లో రాజు అనే అర్థమున్న చీనా అక్షరం కనిపిస్తే దాన్ని ఇంకా అపురూపంగా చూసుకునేవారట. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో డచ్చి వర్తకుల ఓడల్లో ఈ కుక్కలు ఐరోపాకు చేరాయి. హాలెండుకు చెందిన ఆరెంజ్ వంశపు విలియం ప్రభువు 1572లో యుద్ధ శిబిరంలో నిద్రపోతుంటే స్పెయిన్ సైనికులు రాత్రివేళ మీదపడ్డారు. గుడారంలో పడుకున్న ఆయన చిన్న కుక్క గీకి, ముఖం నాకి లేపితే ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు. అది పగ్గేనని చెప్పుకుంటారు. డెల్ఫ్ట్ నగరంలో ఆయన సమాధి మీద శిల్పం కాళ్ల దగ్గర కుక్క ఉంటుంది. అందుకని మీవారికి ఒక మాట చెప్పండి: ఈ జాతి దొంగను కరవకపోవచ్చు, మనిషిని మాత్రం లేపుతుంది. ఎప్పుడూ పక్కనే ఉంటుంది కాబట్టి లేపుతుంది.

ఆ వంశంవాడే మూడో విలియం, ఆయన భార్య మేరీ 1688-89లో ఇంగ్లండు సింహాసనం ఎక్కడానికి సముద్రం దాటినప్పుడు వాళ్ల వెంట పగ్‌లూ దాటాయి. ఫ్రాన్సులో నెపోలియన్‌కు, ఆయన భార్య జోసఫీన్ పెంచుకున్న పగ్‌కు అసలు పడేది కాదు. మంచం మీద నుంచి కుక్కను దింపమంటే, అది దిగదు, కావాలంటే నువ్వు వేరే చోట పడుకో అందట ఆమె. కుక్క విషయంలో మొగుడూపెళ్లాల పేచీ మీ ఇంటితో మొదలు కాలేదు.

మన దేశంలో ఈ కుక్క ఇంటింటికీ తెలిసింది 2003లో. హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లాడు ఎటు వెళ్తే అటు ఒక పగ్ వెంటపడి నడిచింది. ఆ తర్వాత పగ్ అనే పేరు తెలియనివాళ్లు కూడా హచ్ కుక్క కావాలని అడిగారు. మా వీధిలో కూరగాయలమ్మే అతను చిట్టిని చివరిదాకా అలాగే పిలిచాడు. ఆ ప్రకటనలో చూపించింది అబద్ధం కాదమ్మా. పగ్ నిజంగానే వెంట వస్తుంది. వాళ్లు చూపించనిది ఒకటుంది: ఆ పిల్లాడు తలుపు వేసుకుని పదిగంటలు బయటికి పోతే ఆ కుక్క ఏమైపోతుందన్నది.

చరిత్ర ఇంత ఎందుకు చెప్పానంటే, జున్ను చేస్తున్నది అల్లరి కాదు, పొగరు కాదు, మీ గారాబం వల్ల చెడిపోవడమూ కాదు. తరతరాలుగా ఈ జాతికి మనిషి అప్పగించిన పని మనిషి దగ్గర ఉండటం. వాడు ఆ పని మానలేకపోతున్నాడు.

మీ ఇంట్లో దానికి ఇంకో రెండు సంగతులు కలిశాయి. నలభై రోజుల పిల్లను తెచ్చారు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మినవాళ్లు మీకు ఆ మాట చెప్పి ఉండరు. తల్లితో, తోడబుట్టిన పిల్లలతో ఉండాల్సిన రోజులవి. కాసేపు విడిచి ఉండటం, మళ్లీ కలవడం పిల్ల మెల్లగా నేర్చుకునేది అప్పుడే. ఆ పాఠం మధ్యలో ఆగిపోయింది. తర్వాత మూడేళ్లు ఇల్లు ఒక్క గంట కూడా ఖాళీగా లేదు. ఎన్నడూ చూడని ఒంటరితనం ఒక సోమవారం పొద్దున పదిగంటలపాటు వచ్చి మీద పడింది. చంటిపిల్లను మొదటి రోజే హాస్టల్లో వదిలినట్టు. ఇందులో మీ నేరం లేదు. ఆ రోజుల్లో ఈ నగరంలో ఎన్ని ఇళ్లలో ఇలా కుక్కపిల్లలు వచ్చాయో, ఆఫీసులు పిలిచాక ఎన్నింటి బతుకు ఇలా అయిందో.

ఇప్పుడు దారుల సంగతి. ఉంచాలా పంపాలా అని మీ ఇంట్లో వారాలుగా వాదన నడుస్తోంది. నాకు ఆ ప్రశ్న సరైన చోట పెట్టినట్టు అనిపించలేదు. జున్ను పక్కన పగలంతా ఎవరుంటారు? దీనికి జవాబు దొరికిన ఇల్లు వాడికి ఇల్లు. అది మీదైనా, ఇంకొకరిదైనా.

బావగారి పొలం గురించి ముందు చెబుతాను. అది నాకు అన్నిటికంటే భయం కలిగించింది. పొలం అంటే హాయి అని మీవారు అనుకోవడంలో దురుద్దేశం లేదు. ఊరకుక్కకు అది హాయే. కానీ కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పి, నాలుక మీది తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. పొడుగు మూతిలో ఆ పనికి చోటుంటుంది. పగ్‌కు మూతే లేదు. ముక్కు రంధ్రాలు సన్నని గీతల్లా ఉంటాయి, లోపల అంగిలి కండ ఎక్కువై గాలిదారికి అడ్డం పడుతుంది. మనం ముద్దుగా చెప్పుకునే ఆ గురక చాలాసార్లు ఊపిరి అందని చప్పుడు. ఇదీ మనిషి చేసిందే. ఆంగ్ల చిత్రకారుడు హోగార్త్ 1745లో తన బొమ్మ పక్కనే తన పగ్‌ను గీశాడు. ఆ కుక్కకు మూతి ఉంది, కాళ్లు పొడుగు. ఆ తర్వాత ముఖం ఎంత చదునుగా ఉంటే అంత ముద్దని అలాంటివాటినే ఎంచి ఎంచి పెంచాం. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2022లో, ఆరోగ్యం విషయంలో పగ్‌ను ఇక మామూలు కుక్కల లెక్కలో చూడలేమని తేల్చారు.

నా అనుభవం ఒకటి చెబుతాను. చిట్టికి నాలుగేళ్లప్పుడు, ఒక మే నెల సాయంత్రం అయిదున్నరకు నడకకు తీసుకెళ్లాను. ఎండ వాలింది కదా అనుకున్నాను. రోడ్డు మీద చెయ్యి పెట్టి చూసుకోలేదు. పది నిమిషాలకు కూలబడింది. నాలుక ఊదారంగుకు తిరిగింది. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బకెట్ నీళ్లు తెచ్చి ఒళ్లంతా తడిపాడు, ఆటోలో తడి తువ్వాలు కప్పి, గాలి తగిలేలా పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. బతికింది. ఆ పూట తప్పు పూర్తిగా నాదే. తర్వాత ప్రతి వేసవిలో పొద్దున ఆరున్నరలోపే నడక ముగించేదాన్ని, మళ్లీ చీకటి పడ్డాకే తలుపు తీసేదాన్ని. నలభై, నలభై రెండు డిగ్రీల ఎండలో జనగామ పొలం మీద, కరెంటు ఉంటే ఉండి పోతే పోయే చోట, జున్నును పట్టించుకుని నీడకు లాగేవాళ్లెవరు? అక్కడ ఉన్న రెండు కుక్కలు కొత్తవాణ్ని ఊరుకోవు. వీడి కళ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి. చిన్న కొట్లాటలో కూడా గుడ్డు బయటికి వచ్చే ప్రమాదం ఈ జాతికి ఉంది. ముళ్లకంప గీసుకున్నా కంటి మీద పుండు పడుతుంది. పైగా వాడికి కావలసింది మనిషి. బావగారు పొలంలోకి పోతే అక్కడా ఒంటరే.

అయినా ఆ ఇంట్లో పగలంతా ఇంటిపట్టునే ఉండే మనిషి ఉండి, జున్ను ఇంటి లోపలే ఫ్యాన్ కింద ఉంటాడని, దగ్గరలో పశువైద్యుడు ఉన్నాడని మీరు స్వయంగా చూసి తెలుసుకుంటే అప్పుడు మాట వేరు. చూడకుండా మాత్రం పంపకండి. ఎండలు ముదిరే ముందు అసలే వద్దు.

ఆఫీసు స్నేహితురాలి సంగతి వేరు. కొన్ని ఇళ్లకు అదే మంచి దారి, దాన్ని ద్రోహమని అనుకోకండి. వాళ్లింట్లో పగలు ఎవరున్నారు అన్నది మొదటి ప్రశ్న. ఆమె కూడా మీతో పాటు అదే బస్సెక్కేదైతే జున్ను ఏడుపు మణికొండ నుంచి ఇంకో పేటకు మారుతుంది, అంతే. అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే ఆదివారాలు రెండు మూడుసార్లు మీరే తీసుకెళ్లండి. తర్వాత రెండు రోజులు ఉంచి చూడండి. తర్వాత రెండు వారాలు. మందుల చీటీలు, టీకాల పుస్తకం, వాడు పడుకునే పాత దుప్పటి ఉతక్కుండా ఇవ్వండి. ఇచ్చే ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే విషయం డాక్టర్‌తో మాట్లాడండి. మగ పగ్ అనగానే పిల్లల కోసం జతకట్టించడానికి అడిగేవాళ్లు తయారవుతారు. అలాంటివాళ్ల చేతిలో పెట్టకండి. ఇప్పటికే ఊపిరి ఆడని ముఖాలు చాలా ఉన్నాయి.

ఇందులో మీకు కష్టం కలిగించే మాట ఒకటుంది, దాచను. జున్ను కొన్ని రోజులు తిండి మానేస్తాడు, గుమ్మం చూస్తాడు. తర్వాత ఆ ఇంటి పెద్దాయన కాళ్ల దగ్గర పడుకోవడం మొదలుపెడతాడు. పగ్ స్వభావం అది. దగ్గర ఉన్న మనిషిని అల్లుకుంటుంది. వాడు మిమ్మల్ని మరిచిపోయాడని మీకు గుండె పిండినట్టవుతుంది. వాడికి మాత్రం అది బతుకు. పాపకు కూడా ఈ నిర్ణయం ముందే చెప్పాలి, వాళ్లింటికి తీసుకెళ్లి చూపించాలి. బడి నుంచి వచ్చేసరికి కుక్క లేకుండా చేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. తొమ్మిదేళ్ల పిల్ల అలాంటిది పెద్దయ్యేదాకా మరవదు.

ఇక ఉంచుకోవడం. కష్టమైన దారి ఇదే. డబ్బుతో కొంత, ఓపికతో ఎక్కువ. ఒక్కరి ఓపికతో కాదు.

ఒంటరిగా ఉండటం వాడికి ఇప్పుడు నేర్పాలి, నలభై రోజుల పిల్లకు నేర్పినట్టు. మీరు చెప్పులేసుకుని, తాళాల గుత్తి తీసుకుని, బ్యాగు భుజానికి వేసుకుంటే వాడికి గుండెదడ మొదలవుతుంది. కాబట్టి సెలవు రోజున అవన్నీ చేసి ఎక్కడికీ వెళ్లకుండా సోఫాలో కూర్చోండి. రోజుకు పదిసార్లు. ఆ చప్పుళ్లకు వాడు తలెత్తడం మానేశాక తలుపు బయట అరనిమిషం నిలబడి లోపలికి రండి. తర్వాత రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. ఏడుపు మొదలవకముందే తిరిగి రావాలి, అందులోనే ఉంది కిటుకంతా. మొదటి అరగంట దాటించడం గండం. ఆ అరగంట ఏడవకుండా ఉన్నాడంటే తర్వాత నిడివి త్వరగా పెరుగుతుంది. పాత ఫోన్ ఒకటి కెమెరాగా పెట్టి చూసుకోండి. వెళ్లేటప్పుడు ముద్దులు, బుజ్జగింపులు వద్దు, వచ్చాక ఎగిరి దూకుతుంటే కాళ్లు నేలమీద ఆనేదాకా పలకరించకండి. వెళ్లే ముందు పొద్దున నడిపించి అలసిపోనివ్వండి. గడ్డకట్టించిన పెరుగు కూరిన రబ్బరు బొమ్మ ఇవ్వండి, అది నాకుతూ పావుగంట గడుపుతాడు. బరువు మాత్రం పెరగనివ్వకండి. ఏడెనిమిది కిలోలకు మించిన పగ్‌కు ఊపిరి ఇంకా కష్టం. మెడపట్టీ తీసేసి ఛాతీ మీదుగా వేసే పట్టీ కొనండి.

దీనికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. ఈలోగా పదిగంటలు ఒంటరిగా వదిలితే నేర్పిందంతా కొట్టుకుపోతుంది. అందుకే పగలు మనిషి కావాలి. మధ్యాహ్నం వచ్చి రెండు గంటలు ఉండే మనిషిని పెట్టుకోవచ్చు. పగటిపూట కుక్కలను చూసుకునే కేంద్రాలు మీ వైపు చాలా ఉన్నాయి. చేర్చే ముందు వెళ్లి ఏసీ ఉందా, పెద్ద కుక్కలను వేరుగా ఉంచుతారా అని కళ్లారా చూడండి. మీ నాలుగు రోజులు, మీవారి నాలుగు రోజులు ఒకటే కానవసరం లేకుండా ఆఫీసుల్లో అడిగి చూడండి. ఆ ఒక్క మార్పుతో జున్నుకు వారంలో ఒకటో రెండో పగళ్లు కలిసొస్తాయి.

రెండో కుక్కను తెస్తే తోడుంటుందని ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. జున్ను ఏడ్చేది కుక్క కోసం కాదు. అరిస్తే కరెంటు కొట్టే పట్టీలు, బాల్కనీలో కట్టేయడం, మనుషుల నిద్రమాత్రలో ముక్క విరిచి వేయడం, వీటి జోలికి అసలు పోకండి. మత్తు మందులు ఈ ముక్కులకు మామూలు కుక్కలకంటే ప్రమాదం. ఈ భయానికి పశువైద్యులు రాసే మందులు వేరే ఉన్నాయి. అవసరమైతే వాళ్లే రాస్తారు.

అసోసియేషన్ వాళ్ల నోటీసుకు వణకకండి. పెంపుడు కుక్కను ఉంచుకోకుండా నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. టీకాలు సకాలంలో వేయించండి, మీ మునిసిపల్ ఆఫీసులో నమోదు చేయించండి, ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి. అయితే కాగితం చూపించి కింది ఫ్లాటు వాళ్ల నోరు మూయించాలని చూడకండి. వాళ్ల ఇంట్లో చంటిపిల్ల ఉందని మీరే రాశారు. ఏడుపు వాళ్లకు నిజంగా బాధే. ఒక ఆదివారం పాపను వెంటబెట్టుకుని వెళ్లి, ఇదీ పరిస్థితి, ఇదీ మేం చేస్తున్నది, రెండు నెలలు ఓపిక పట్టండి, ఏ టైములో ఎక్కువ ఏడుస్తున్నాడో మాకు మెసేజ్ పెట్టండి అని అడగండి. విరోధంగా ఉన్నవాళ్లు కబురందించేవాళ్లవుతారు.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. మీరు దాన్ని దాటేసి వెళ్లిపోయారు. "మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మ నెలలో పదిహేను రోజులు మా దగ్గర ఉంటుంది, ఆమె ఉన్నప్పుడు మాత్రం కొంచెం నయం, ఆమె గది గుమ్మం ముందు పడుకుంటాడు" అని. అదే పేజీలో, దేవుని గది ఉన్న ఇంట్లో కుక్కేందని ఆమె అంటారనీ, ఎవరూ చూడకుండా జొన్నరొట్టె ముక్క వేస్తారనీ రాశారు. నలభై ఏళ్ల తోడు పోయిన మనిషి ఆమె. పగలంతా ఆ ఫ్లాటులో ఆమెకూ ఎవరూ లేరు. గుమ్మం ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు. దేవుని గదికి చిన్న అడ్డతలుపు పెట్టించి, మిగతా ఇంట్లో జున్ను తిరగొచ్చా అని ఆమెనే అడగండి. "మీరు చూసుకోండి" అని అప్పగించకండి. ఆమె మోకాళ్ల నొప్పుల మనిషి. పగ్ కాళ్లకు అడ్డం పడుతూ తిరిగే కుక్క, తట్టుకుని పడితే తుంటి విరుగుతుంది. శుభ్రం చేయడం, నడిపించడం, తిండి పెట్టడం మీ ఇద్దరివి. ఆమె చేయాల్సింది ఆ ఇంట్లో ఉండటం. వద్దంటే బలవంతం చేయకండి, అప్పుడు స్నేహితురాలి దారి ఉంది. ఒప్పుకుంటే మీకు నెలలో సగం రోజులు తీరినట్టే.

మీవారితో మాట మిగిలింది. "నువ్వే తెచ్చినవ్" అన్న మాట మిమ్మల్ని ఎక్కువ గాయపరిచిందని ఉత్తరం చెబుతోంది. జున్ను ఏడుపు గురించి రెండు పేజీలు రాశారు, ఆ ఒక్క మాట గురించి మూడుచోట్ల రాశారు. ఆ ఇంట్లో పాప చదువు, అత్తమ్మ మందులు, పనిమనిషి రాని రోజు అంట్లు, అన్నీ మీ మీదే పడుతున్నాయని నాకు అనిపించింది. జున్ను ఆ మోపు మీద ఆఖరున పెట్టిన కట్టె. వాణ్ని తీసేసినా మోపు అలాగే ఉంటుంది. కాబట్టి ఆయనతో మాట్లాడేటప్పుడు కుక్క ఉండాలా పోవాలా అని మొదలుపెట్టకండి. ఒక కాగితం మీద వారంలో ఏడు రోజులు, పగటి గంటలు గీయండి. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉంటారో నింపమని ఆయనకే ఇవ్వండి. ఎన్ని గళ్లు ఖాళీగా మిగిలాయో ఇద్దరూ చూడండి. వాటిని నింపగలిగితే జున్ను ఉంటాడు. ఎంత చేసినా వారంలో మూడు రోజులు ఉదయం నుంచి రాత్రిదాకా ఖాళీగానే ఉంటే వాడిని మంచి చేతుల్లో పెట్టడం వాడి మేలు కోరడమే. అప్పుడు ఆ నిర్ణయం ఇద్దరిదీ అవుతుంది, పాపకు కూడా ఇద్దరూ కలిసే చెప్పగలరు.

ఈ ఉత్తరం చదువుతూ కొత్తగా పగ్ కొందామనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వద్దనే చెబుతాను. ఉన్నవాటిని కాపాడుకుందాం.

అన్నిటికంటే ముందు ఒక పని. ఈ శనివారం జున్నును పశువైద్యుడికి చూపించండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, మీకు నమ్మకమున్న డాక్టర్ ఉంటే అక్కడికే. గోళ్ల గాయాలు, ముఖం మడతల్లో పుండ్లు, కళ్లు చూడమనండి. హాల్లో పోయడం భయం వల్లేనా, మూత్రంలో ఏదైనా తేడా ఉందా అని పరీక్ష చేయించండి. ముక్కు రంధ్రాలు ఎంత సన్నగా ఉన్నాయో, వెడల్పు చేసే ఆపరేషన్ అవసరమా అని అడగండి. ఊపిరి సరిగా ఆడని కుక్కకు భయం కూడా ఎక్కువే. పొద్దున్నే చల్లటి వేళకు వెళ్లండి. కారులో వెనక సీట్లో అత్తమ్మను కూర్చోమనండి, జున్నును ఆమె పక్కన.